వారసత్వ ఏర్పాట్లు: కొల్లాపూర్ ప్రాంతం

తన తదనంతరం ఆస్తి ఎవరికి, ఎంత, ఏ షరతుల మీద చెందాలో మనిషి బతికి ఉండగానే చేసే నిర్ణయాలను వారసత్వ ఏర్పాట్లు అంటారు. దత్తత, భాగ పంపకం, దానపత్రం, వీలునామా, ట్రస్టు ఇందులోకి వస్తాయి. నేడు నాగర్‌కర్నూల్ జిల్లాలో, అంతకుముందు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉన్న కొల్లాపూర్, సురభి వంశీయుల జటప్రోలు సంస్థానానికి రాజధాని. ఈ ప్రాంతంలో ఆస్తి నిలుపుకోవడానికి చాలాకాలం వాడిన ప్రధాన సాధనం దత్తత. కాగితం మీద రాసే వీలునామా సామాన్య రైతు దాకా వచ్చింది ఇరవయ్యో శతాబ్దంలోనే.

కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరో విక్రమాదిత్యుని (1076–1126) ఆస్థానంలో విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షర వ్యాఖ్య రాశాడు. కృష్ణానదికి కొల్లాపూర్ వైపున్న నేల కూడా ఆ చాళుక్యుల ఏలుబడిలోదే. మితాక్షర ప్రకారం పిత్రార్జితంలో కొడుకుకు పుట్టుకతోనే హక్కు వస్తుంది, కాబట్టి తండ్రి దాన్ని తన ఇష్టానికి రాసివ్వలేడు. పదమూడో శతాబ్దంలో మూలఘటిక కేతన ఈ గ్రంథాన్ని ‘విజ్ఞానేశ్వరీయం’గా తెలుగులోకి తెచ్చాడు. దాయభాగం సంగతి తెలుగువాడికి తన భాషలో అందించిన మహోపకారం అది. అదే శతాబ్దంలో కొడుకులు లేని కాకతి గణపతిదేవుడు కూతురు రుద్రమకు రాజ్యం అప్పగించాడు. ఆమె తన కూతురు కొడుకు ప్రతాపరుద్రుని దత్తత తీసుకుంది.

బహమనీ, కుతుబ్‌షాహీ కాలాల్లో హిందూ కుటుంబాల్లో మితాక్షర పద్ధతే సాగింది. ముస్లిం కుటుంబాల్లో షరియత్ నడిచింది. దాని ప్రకారం వసీయత్ (వీలునామా) ఆస్తిలో మూడో వంతు మించకూడదు. బతికుండగా ఇచ్చే హిబాకు ఆ హద్దు లేదు.

నిజాం కాలపు సంస్థానాలకు వారసత్వం జీవన్మరణ సమస్య. సంస్థానం కుటుంబ సభ్యుల మధ్య పంచుకునే ఆస్తి కాదు, ఒక్కరి చేతికే దక్కేది. వారసునికి నిజాం ప్రభుత్వ ఆమోదం కావాలి. సంతానం లేని ఇల్లు సరైన సమయంలో దత్తత చేసుకోకపోతే వ్యాజ్యాలకో, సర్కారు నిర్వహణకో దారి తీసేది. 1884 నుంచి 1929 వరకు కొల్లాపూర్ గద్దెపై ఉన్న రాజా వెంకటలక్ష్మారావు పుట్టింది వెంకటగిరి వెలుగోటి వారింట. ఆయన పుట్టుపేరు నవనీతకృష్ణ యాచేంద్ర. దత్తతతో సురభి వారి వారసుడయ్యాడు. వెంకటగిరి బిడ్డలు బొబ్బిలికీ, పిఠాపురానికీ కూడా దత్తత వెళ్లారు. ఈ పద్మనాయక వెలమ కుటుంబాలు ఒకరి ఇంటి దీపాన్ని మరొకరు నిలబెట్టుకున్నాయి.

పిఠాపురం కథ మరోలా ముగిసింది. దత్తత జరిగిన తరువాత రాజా గంగాధర రామారావు ఔరస కుమారునిగా ప్రకటించిన పిల్లవాడు పుట్టాడు. రాజా ఎస్టేటును అతనికి వీలునామా రాసి 1890లో కన్నుమూశాడు. దత్తపుత్రుడు కోర్టుకెక్కాడు. విభజించరాని జమీందారీ యజమాని వీలునామాతో ఎవరికైనా ఇవ్వవచ్చని 1899లో ప్రీవీ కౌన్సిల్ తీర్పునిచ్చింది. వీలునామా బలం ఏపాటిదో జమీందారీ ఇళ్లన్నిటికీ తేటతెల్లం చేసిన తీర్పు ఇది.

కొల్లాపూర్‌కు పక్క సంస్థానమైన గద్వాలలో భర్త 1924లో మరణించాక మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పాలన చేపట్టి, సంస్థానాలు రద్దయ్యేదాకా దక్షతతో నడిపింది. వనపర్తి వారసుడు, 1923లో పుట్టిన రామేశ్వరరావు మైనరు కావడంతో ఆ సంస్థానం కోర్ట్ ఆఫ్ వార్డ్స్ చేతికి వెళ్లింది. మైనరు ఆస్తిని సర్కారు కాపాడే ఏర్పాటు అది.

1949 ఆగస్టులో జాగీర్ల రద్దు శాసనంతో సంస్థానాల అధ్యాయం ముగిసింది. దూరదృష్టి గల ఏడో నిజాం ఆ తరువాతి ఏళ్లలో తన సొంత ఆస్తిని కుటుంబ ట్రస్టులకు, ఆభరణాల ట్రస్టులకు, ధర్మాదాయ ట్రస్టుకు రాసిచ్చాడు. ఆ నగలను 1995లో భారత ప్రభుత్వం 218 కోట్ల రూపాయలకు కొన్నది.

1956 హిందూ వారసత్వ చట్టం తండ్రి వాటాలో భార్యకు, తల్లికి, కూతుళ్లకు కొడుకులతో సమానమైన హక్కునిచ్చింది. ఉమ్మడి ఆస్తిలో తన వాటాను వీలునామాగా రాసే వీలూ కల్పించింది. అయినా కూతురి పాలు చిన్నదే. తొమ్మిదెకరాల పిత్రార్జితం, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్న ఇంట్లో, తండ్రికి భార్య, తల్లి లేని పక్షంలో, ఆయన పోతే కొడుకులకు నాలుగేసి ఎకరాలు, కూతురికి ఒక్క ఎకరం దక్కేవి. ఆంధ్రప్రదేశ్ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి, అప్పటికి పెళ్లికాని కూతుళ్లను సమాన దాయాదులను చేసింది. దీంతో ముగ్గురికీ మూడేసి ఎకరాలు. ఇలాంటి న్యాయమైన సవరణే దేశం మొత్తానికి 2005 సెప్టెంబరు 9న వర్తించింది, పెళ్లి అయిందా లేదా అన్న తేడా పోయింది. తండ్రి ఆ తేదీకి ముందే చనిపోయినా హక్కు ఉంటుందని 2020లో సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో చెప్పింది.

1973 భూసంస్కరణల చట్టం పరిమితికి మించిన భూమిని బినామీగా పంచడాన్ని అరికట్టజూసింది. 1971 జనవరి 24 తరువాతి బదిలీలను, పంపకాలను పరీక్షకు పెట్టింది. ఆ తరువాత శ్రీశైలం జలాశయం నింపినప్పుడు పాత జటప్రోలు సహా కృష్ణ ఒడ్డు పల్లెలు మునిగాయి. నిర్వాసితులకు ఇంటికొక ఉద్యోగమన్న 98 నంబరు ప్రభుత్వ ఉత్తర్వు (జీవో)తో, ఆ కొలువు ఎవరికి అన్నది ఇంటి పంపకాల్లో ఒకటైంది.

ఈనాటి రైతుకు వారసత్వమంటే ముందు గుర్తొచ్చేది ఫౌతీ. అంటే చనిపోయిన పట్టాదారు పేరు తీసి వారసుల పేర్లు ఎక్కించడం. 2025 నుంచి ఇది భూభారతి చట్టం కింద, విచారణ తరువాత జరుగుతుంది. వీలునామాకు స్టాంపు రుసుం లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రాసినవారి సంతకం లేదా వేలిముద్రతో పాటు ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలి, చివరగా రాసిందే చెల్లుతుంది. 2018 ఆగస్టులో వచ్చిన రైతుబీమా, 18 నుంచి 59 ఏళ్ల రైతు మరణిస్తే నామినీకి 5 లక్షల రూపాయలిస్తుంది. బ్యాంకు డిపాజిట్లలో మాత్రం నామినీ సొమ్ము అందుకునే మనిషే, హక్కుదారులు వారసులే.