మాచల్దేవి చిత్రశాల

వినుకొండనుండి మార్కాపురము పోవు త్రోవలో, నల్లమల తూర్పు చెరగున, కుమారగిరి యను చిన్నకొండమీద త్రిపురాంతకేశ్వరుడును, ఆ కొండ దిగువ చెరువుచెంత బాలాత్రిపురసుందరియు వెలసిన త్రిపురాంతకము శ్రీశైలమునకు తూర్పువాకిలి యని ప్రసిద్ధి గన్న క్షేత్రము. కొండమీది వాడు మూడు పురములను దహించినవాడు. క్రింద నున్నది ఆ మూడు పురములకును సుందరి. పురమనగా దేహమనియు, త్రిపురములనగా స్థూల సూక్ష్మ కారణ శరీరములనియు పెద్దలు చెప్పు అర్థమును మనసున నిలుపుకొని ఆ మెట్లెక్కి దిగినవానికి, దేహమును భస్మము చేయు దైవమును, దేహమును సౌందర్యముగా ఏలు దైవమును ఒకే దినమున ఒకే యూర మ్రొక్కుట కేవలము స్థలవిశేషముగా తోపదు. మన్మథుని కంటిమంటకు ఆహుతి చేసిన స్వామియు, లలితాకథలో ఆ మన్మథునికి మరల ప్రాణము పోసిన తల్లియు ఈ యూరిలో ఇరుగుపొరుగులు.

ఈ కొండమీది శాసనములు కాకతీయుల చరిత్రకు పట్టుగొమ్మలు. కాయస్థ అంబదేవుడు తన విజయపరంపరను 1290లో రాతి కెక్కించుటకు ఎన్నుకొన్నది ఈ దేవుని సన్నిధినే. అయినను నా మనసు ఆ దండయాత్రలయందు నిలువక, ఈ దేవుని పేరే తన పేరుగా గల రావిపాటి త్రిపురాంతకుని వైపునకే పోవుచుండును. తిప్పన యనియు పిలువబడిన ఆ కవి త్రిపురాంతకదేవునిపై విభక్తి కొక్క వృత్తముగా, కళికోత్కళికలతో ఉదాహరణకావ్యము చెప్పెను. అదే కవి మదనవిజయమును, సంస్కృతమున ప్రేమాభిరామమును రచించెను. కాలము ఉదాహరణమును మాత్రము మనకు దక్కించి, మదనుని విజయమును, ప్రేమాభిరామమును మ్రింగివేసినది. అయితే ఆ ప్రేమాభిరామమును అనుసరించి తెలుగున వెలసిన వీథి యను రూపక మొకటి, వినుకొండ వల్లభరాయని పేర క్రీడాభిరామము, నిలిచియున్నది; దానియందే నేను చెప్పబోవు చిత్రశాల యున్నది.

మంచనశర్మ యను బ్రాహ్మణుడును, టిట్టిభసెట్టి యను వైశ్యుడును ఒకనాడు ఓరుగంటి వీథులలో తిరుగుచు, పూటకూళ్లయిల్లు మొదలు మేషయుద్ధముల వరకు, వెలివాడ మొదలు వేశ్యవాటిక వరకు కన్నులార చూచుచు, నడుమ కాకతీయ ప్రతాపరుద్రుని ప్రియురాలగు మాచల్దేవి యింటికి వత్తురు. ఆనాడు ఆమె నూతన చిత్రశాలా ప్రవేశమహోత్సవము. ఆ గోడలమీద దారుకావనమున మునిపత్నుల చిత్తములను కలచిన శివుడు, గోపికలతోడి కృష్ణుడు, అహల్యతో ఇంద్రుడు, తారతో చంద్రుడు, మేనకతో విశ్వామిత్రుడు నిలిచియుండిరి. ఈ వరుసను చదివిన ప్రతిసారియు నాకు ఆశ్చర్యమే కలుగును. ఊరు పేరు లేని ప్రేమికులు అందులో లేరు. లోకము తలవంచి నమస్కరించు దేవతలును, తపస్సుచే బ్రహ్మర్షిత్వము వడసినవారును, కోరికకు లోబడిన క్షణములే ఏరి కూర్పబడినవి. దేహమే జీవనాధారముగా గల యొక స్త్రీ, తన్ను నిందించు లోకము ఏ పేరులను పూజించునో ఆ పేరులనే తన గోడలపై వ్రాయించి, తలుపులు తెరచి, పట్టపగలు పదిమందిని పిలిచి చూపినది. ఒక విషయమును గూర్చి పలుచిత్రములను ఒక్కచోట కూర్చి, సభ్యులను ఆహ్వానించి, వారి ముచ్చటలను కోరుట ప్రదర్శన యగుచో, తెలుగువారి దేహప్రదర్శనకు ఇంతకంటె స్పష్టమైన పూర్వరూపము నాకు దొరకలేదు. దాని కర్త్రి కులస్త్రీయు కాదు, కులపతియు కాదు, వారకాంత యగుట నాకు మిక్కిలి గౌరవము గొలుపు విషయము.

ఓరుగంటిలో చిత్రకారుల యిండ్లు 1500 ఉండెనని ఏకామ్రనాథుని ప్రతాపరుద్రచరిత్ర చెప్పును. ఆ లెక్క తర్వాతికాలపు కీర్తనముచే కొంత పెరిగినదే యనుకొన్నను, బొమ్మలు వ్రాయుట ఒక వాడకు కూడు పెట్టిన వృత్తి యని మాత్రము దానివలన తెలియును.

చిత్తరువులు గోడలతో కూలిపోయినవి గాని, రాయి నిలిచినది. త్రిపురాంతకమునకు ఉత్తరమున పలనాటి సీమ దాటి కృష్ణానది చేరిన నాగార్జునకొండలో, ఇక్ష్వాకుల శిల్పులు బుద్ధుని కథాఫలకమునకును ఫలకమునకును నడుమ ప్రేమికుల మిథునములను చెక్కిరి. విరాగికథను చదువుచు పోవు కన్ను ప్రతి మలుపునను అనురాగము నొకసారి పలుకరించి పోవలయునని వారి యభిప్రాయము కాబోలు. అచ్చటనే, ఎహువుల చాంతమూలుని రాణి ఖండువుల, తాను అవిధవననియు జీవపుత్రననియు చెప్పుకొనుచు, నగ్నమాతృమూర్తి నొకదానిని చేయించి దానిపై తన పేరు చెక్కించెను. రాణివాసపు స్త్రీ వస్త్రరహితమైన స్త్రీదేహమును మంగళముగా సమర్పించిన ఆ చిన్నరాతిని చూచి, సిగ్గు అనునది ఎప్పుడు ఎచ్చటినుండి వచ్చి మన కన్నులపై కూర్చున్నదో యని నేను చాలకాలము ఆలోచించితిని. 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో నెలకొల్పిన రామప్పగుడి చూరుక్రింద నల్లరాతి మదనికలును, జాయపసేనాని నృత్తరత్నావళి చెప్పు భంగిమలును ఆ సిగ్గెరుగని కన్నులకు చాలకాలము తర్వాత కూడ కొదువ లేదని చాటును.

కన్ను మూతపడినది అచ్చుయంత్రపు కాలమున. మానవల్లి రామకృష్ణకవిగారు 1909లో క్రీడాభిరామమును వెలికి తెచ్చినప్పుడు, వేటూరి ప్రభాకరశాస్త్రిగారు విపులపీఠికతో మరల ప్రకటించినప్పుడు, అశ్లీలమను మాట దాని నీడవలె వెంబడించినది. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ముద్దుపళని రాధికాసాంత్వనమును యథాతథముగా ముద్రింపగా, ఆంగ్లప్రభుత్వము దానిని నిషేధించెను. వేశ్య వ్రాసిన కావ్యమును వేశ్య ప్రకటించుట వారి కోపమునకు ఇంధన మాయెను. మాచల్దేవి నిలిచిన స్థానమున ఈ యిద్దరు స్త్రీలును నిలిచిరని నా విశ్వాసము. ఆ నిషేధమును తొలగించినది 1946-47లో మదరాసు ప్రధానిగా నున్న టంగుటూరి ప్రకాశము. త్రిపురాంతకము గల మార్కాపురము సీమను, గిద్దలూరు సీమను కర్నూలునుండి కలుపుకొని 1970లో ఏర్పడిన జిల్లా 1972లో ఆయన పేరే దాల్చినది. త్రిపురాంతకపు కవితో మొదలైన ఈ కథ ఆ పేరిటి జిల్లాకే మరల చేరుట నాకు ఎంతో సంతోషము.

నిజాంపురమున 1940లో పుట్టి, బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్ వద్ద నేర్చిన చిత్రకారుడు లక్ష్మాగౌడు 1970 ప్రాంతమున లోహపురేకులపై చెక్కి అచ్చొత్తిన బొమ్మలలో, గ్రామదేహము, దాని కోరికయు, మేకలతో చెట్లతో పెనవేసికొని, ఏ పురాణపు పేరును అరువు తెచ్చుకొనక తిన్నగా వచ్చి నిలిచినవి. మాచల్దేవి గోడలపై తారకును మేనకకును మాత్రమే చోటు దొరికిన దేహము ఇచ్చట కాపువానికిని కాపుస్త్రీకిని దొరికినది. నేడు హైదరాబాదు గ్యాలరీలలో పలువురు చిత్రకారులు, అందు స్త్రీలు అనేకులు, దేహమును గూర్చి కలిసి పెట్టు ప్రదర్శనలకు నేను పోవునప్పుడు, పటములకంటె ముందు వాకిట నిలిచి పిలుచుచున్న వారి ముఖమునే చూతును. మార్కాపురపు గనులలో నల్లపలకను చీల్చు చేతులును, శివరాత్రినాడు తడిబట్టలతో కుమారగిరి మెట్లెక్కు దేహములును ఆ గోడలమీద ఎదురగునేమో యని ప్రతిసారియు వెదకుచున్నాను.