బైక్‌పై స్టిక్కర్ జిగురు: రంగు చెడకుండా తొలగించడమెలా?

ద్విచక్ర వాహనంపై స్టిక్కర్ ఊడదీశాక మిగిలే జిగురు చూడటానికి చిన్న సమస్యే. దానిని బ్లేడుతో గీకినా, థిన్నర్‌తో రుద్దినా జిగురు కంటే పెద్ద మచ్చ శాశ్వతంగా మిగులుతుంది. కర్మాగారంలో వేసిన రంగు పొరలన్నీ కలిపినా మందం సాధారణంగా 100 మైక్రాన్లకు, అంటే మిల్లీమీటరులో పదో వంతుకు, కాస్త అటూ ఇటుగా ఉంటుంది. మెరుపునిచ్చే పారదర్శక పొర అందులో ఒక భాగం మాత్రమే. అందువల్ల జిగురును బలప్రయోగంతో కాక, మెత్తబరచి తీయాలి.

మొదట నీరు, వేడి

ఇంజిన్ చల్లారాక వాహనాన్ని నీడలో నిలిపి, షాంపూ నీటితో కడగాలి. దుమ్ము ఉండగా రుద్దితే ఇసుక రేణువులే గీతలు పెడతాయి. తర్వాత వేడినీటిలో ముంచి పిండిన గుడ్డను జిగురుపై కొన్ని నిమిషాలు ఉంచాలి. మెత్తబడిన జిగురును వేలితో గానీ, పాత ప్లాస్టిక్ కార్డు అంచుతో గానీ నెమ్మదిగా తోయాలి. సైడ్ ప్యానెల్, మడ్‌గార్డ్ వంటి చోట్ల హెయిర్ డ్రయర్ వాడవచ్చు. ఉపరితలం చేతికి ఓర్చుకోగలిగినంత వేడిగా ఉంటే చాలు. ఇంధన ఆవిరి వెలువడే అవకాశమున్నందున పెట్రోలు ట్యాంకు వద్ద డ్రయర్ వాడకపోవడమే మేలు.

ఆపై నూనె, చివరికి స్పిరిట్

వేడికి లొంగని జిగురుకు కొబ్బరినూనె పట్టించి అరగంట ఆగాలి. నూనె జిగురులోకి ఇంకి దాని పట్టు సడలిస్తుంది. అప్పటికీ మిగిలితే సర్జికల్ స్పిరిట్‌ను మెత్తని గుడ్డకు కొద్దిగా అద్ది తుడవాలి. ముందుగా సీటు కింద వంటి కనిపించని చోట పరీక్షించడం తప్పనిసరి. గుడ్డకు వాహనం రంగు అంటితే వెంటనే ఆపాలి. మెకానిక్ షాపులో మళ్లీ రంగు వేయించిన భాగాలు ద్రావకాలకు త్వరగా కరిగే అవకాశం ఎక్కువ.

వీటి జోలికి వెళ్లరాదు

థిన్నర్, గోళ్ల రంగు తుడిచే అసిటోన్ రంగును మెత్తబరుస్తాయి. అసిటోన్ తగిలితే ప్లాస్టిక్ ప్యానెళ్లు కరుగుతాయి, హెడ్‌లైట్ అద్దంపై సన్నని పగుళ్లు వస్తాయి. పెట్రోలుకు అగ్నిప్రమాద ముప్పు ఉంది. పాత్రలు తోమే పీచు, ఉప్పుకాగితం వాడరాదు. మెరుపులేని మ్యాట్ రంగుపై గట్టిగా రుద్దినా, పాలిష్ పెట్టినా ఆ చోటు నిగనిగలాడుతూ వేరుగా కనిపిస్తుంది. దానిని సరిచేయడం కష్టం.

శుభ్రపరచిన తర్వాత

నూనె, స్పిరిట్ జాడలు పోయేలా షాంపూ నీటితో మళ్లీ కడిగి ఆరబెట్టాలి. బ్రేక్ డిస్కు, టైర్లపై నూనె పడకుండా చూడాలి. పడితే బ్రేకు పట్టు తప్పుతుంది, టైరు జారుతుంది. మెరిసే రంగుకు చివరగా వ్యాక్స్ పూయవచ్చు. జిగురంతా పోయినా స్టిక్కర్ ఆకారం కనిపిస్తూనే ఉంటే అది మరక కాకపోవచ్చు. ఎండకు చుట్టూ ఉన్న రంగు వెలిసి, స్టిక్కర్ కింది రంగు తాజాగా మిగిలినప్పుడు అలా కనిపిస్తుంది. రుద్దడం వల్ల అది పోదు.