తెర మీద బటన్‌కు పేరుందా? ఆటోమేటెడ్ టెస్టింగ్ చరిత్ర

సైన్స్ అండ్ టెక్నాలజీ అనగానే మనం ఇస్రో, జీనోమ్, సెమీకండక్టర్ల దగ్గర ఆగిపోతాం. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ అనే మాట సిలబస్‌లో ఎక్కడా కనబడదు. అయినా ఈ వ్యాసం చివరిదాకా చదవండి. ఈ-గవర్నెన్స్ మీద గానీ, దివ్యాంగుల హక్కుల మీద గానీ మెయిన్స్‌లో ప్రశ్న వస్తే, అందరూ రాసే పథకాల జాబితా కంటే ఈ చిన్న చరిత్ర మీకు ఎక్కువ పనికొస్తుంది.

ముందుగా సమస్య ఏమిటో చూద్దాం. కంప్యూటర్‌తో అక్షరాల్లోనే మాట్లాడే రోజుల్లో పరీక్ష తేలిక. ఒక ఫైలు లోపలికి పంపి, బయటికొచ్చిన ఫైలును సరైన జవాబుతో పోల్చుకుంటే సరిపోయేది. 1983లో యాపిల్ లీసా, 1984 జనవరిలో మాకింటాష్ వచ్చి కిటికీలు, మెనూలు, మౌస్ మామూలు జనం చేతికి ఇచ్చాక లెక్క మారిపోయింది. వాడేవాడు ఎక్కడైనా నొక్కుతాడు, ఏ వరుసలోనైనా నొక్కుతాడు. పైగా ప్రోగ్రామర్ ఒకచోట చిన్న మార్పు చేస్తే నిన్నటిదాకా పనిచేసినది ఇంకోచోట చెడిపోవచ్చు. అందుకే మార్పు చేసిన ప్రతిసారీ పాతవన్నీ మళ్లీ పరీక్షించాలి. దీన్నే రిగ్రెషన్ టెస్టింగ్ అంటారు. మనిషి చేత చేయిస్తే విసుగు పుట్టే పని ఇది, విసుగు పుట్టిన మనిషి చూసీ చూడనట్టు వదిలేస్తాడు.

తొలి పరిష్కారాల్లో ఒకటి వినడానికి హాస్యంగా ఉంటుంది. 1983లో మాకింటాష్ బృందంలోని స్టీవ్ క్యాప్స్ 'మంకీ' అనే చిన్న ప్రోగ్రామ్ రాశాడు. కనబడని కోతి ఒకటి కంప్యూటర్ ముందు కూర్చున్నట్టు, అది ఇష్టం వచ్చిన చోట మౌస్ నొక్కుతూ, కీలు కొడుతూ పోతుంది. తొలి మాక్‌లో ఉన్నది 128 కిలోబైట్ల మెమరీ. అంత ఇరుకులో ప్రోగ్రామ్ ఎప్పుడు కూలిపోతుందో కోతి చక్కగా బయటపెట్టేది. చిక్కేమిటంటే అది 'క్విట్' కూడా నొక్కేసేది. అందుకని, కోతి ఆడుతున్నప్పుడు ప్రోగ్రామ్ మూసుకోకుండా ఉండేలా ఒక గుర్తు పెట్టాల్సి వచ్చింది. ఆండ్రాయిడ్ ఫోన్ల యాప్‌లను పరీక్షించడానికి ఇప్పటికీ అదే పేరుతో, అదే పని చేసే పరికరం ఉంది. అయితే కోతికి కూలింది తెలుస్తుంది, తప్పు తెలియదు. జీతంలో ఒక సున్నా ఎక్కువ పడినా దానికి పట్టదు.

తప్పొప్పులు చూసే పరికరాలు వ్యాపారంగా మారింది మెర్క్యురీ ఇంటరాక్టివ్ కంపెనీతో. 1989లో మొదలైన ఆ సంస్థ తెచ్చిన 'విన్‌రన్నర్' టెస్టర్ చేసే క్లిక్కులను రికార్డు చేసుకుని, తర్వాత తానే మళ్లీ చేసి చూపేది. అందులో రెండు పద్ధతులున్నాయి, ఈ చరిత్రకంతా కీలకం ఆ రెండింటి తేడాయే. ఒకటి అనలాగ్: తెర మీద ఫలానా చోటికి మౌస్ వెళ్లింది, అక్కడ నొక్కింది అని గుర్తుపెట్టుకోవడం. రెండోది కాంటెక్స్ట్ సెన్సిటివ్: 'సబ్మిట్' అనే బటన్‌ను నొక్కారు అని గుర్తుపెట్టుకోవడం. మొదటి పద్ధతిలో బటన్ కాస్త పక్కకు జరిగితే చాలు, టెస్ట్ ఖాళీ చోట నొక్కి విఫలమవుతుంది. రెండోదానిలో బటన్ ఎక్కడికి పోయినా పేరుతో వెతుక్కుంటుంది.

నేను ఉండేది సూరత్ దగ్గరి కామ్‌రేజ్‌లో కాబట్టి ఒక పిడకల వేట. క్రీ.శ. 1వ శతాబ్దపు 'పెరిప్లస్ ఆఫ్ ది ఎరిత్రియన్ సీ' మనందరం బట్టీ పట్టే పుస్తకమే. అందులో బారీగాజా, అంటే భరూచ్, ప్రవేశం దగ్గర ఇసుక మేటకు ఎదురుగా 'కమ్మోని' అనే ఊరు ఉందని ఉంటుంది. దాన్ని కామ్‌రేజ్‌గా గుర్తించిన పండితులున్నారు. ఆ గ్రంథకర్త తీరం గుర్తులన్నీ రాసి, పోటు, మేటల మధ్య కొత్తవాళ్లకు ఈ దారి కష్టమని, రాజు కొలువులోని జాలర్లు పడవల్లో ఎదురొచ్చి ఓడలను తీసుకెళతారని కూడా రాశాడు. రాసి ఉన్న గుర్తు మీద మాత్రమే ఆధారపడితే ఓడ మేటకెక్కుతుంది. అనలాగ్ రికార్డింగ్ గతి కూడా అంతే.

ఇక మన తెలుగువాళ్ల దగ్గరికి వద్దాం. 2000ల్లో అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల 'టెస్టింగ్ టూల్స్' అంటే ఒక కోర్సు పేరు. మాన్యువల్ టెస్టింగ్, విన్‌రన్నర్, క్యూటీపీ, లోడ్‌రన్నర్ కలిపి నేర్పేవారు. మెకానికల్, సివిల్ చదివినవాళ్లకు, డిగ్రీ బీఎస్సీ వాళ్లకు ఐటీలోకి అది పక్క గుమ్మం. మా కాలేజీ సీనియర్లలోనూ అలా వెళ్లినవాళ్లున్నారు. టెస్టింగ్‌నే ప్రధాన వ్యాపారంగా చేసుకున్న యాప్‌ల్యాబ్స్‌ను శశి రెడ్డి 2001లో స్థాపించారు. హైదరాబాద్‌లో పెద్ద కేంద్రంతో పెరిగిన ఆ సంస్థను 2011లో అమెరికాకు చెందిన సీఎస్‌సీ కొనుక్కుంది. మన దగ్గర ఐటీ చరిత్ర రాసేవాళ్లు ప్రోగ్రామర్ల గురించే రాస్తారు. టెస్టర్ల గురించి ఒక్క పేరా కూడా ఉండదు. ఇది నాకు అన్యాయంగానే అనిపిస్తుంది.

ఆ పరికరాలు ఖరీదైనవి. మెర్క్యురీని 2006లో హ్యూలెట్ ప్యాకార్డ్ సుమారు 450 కోట్ల డాలర్లకు కొన్నదంటే ఆ మార్కెట్ విలువ ఊహించుకోండి. అప్పటికే దానికి పోటీ మరోచోట పుట్టింది. 2004లో చికాగోలోని థాట్‌వర్క్స్‌లో జేసన్ హగ్గిన్స్ తన కార్యాలయపు ఖర్చుల పద్దు అప్లికేషన్‌ను పరీక్షించడానికి ఒక పరికరం రాసుకున్నాడు. మెర్క్యురీ అంటే పాదరసం, పాదరసపు విషానికి విరుగుడు సెలీనియం అన్న జోక్ మీద దానికి 'సెలీనియం' అని పేరొచ్చింది. ఓపెన్ సోర్స్ కాబట్టి ఉచితం. అంటే అమీర్‌పేట కుర్రవాడు లైసెన్సు లేకుండానే తన గదిలో నేర్చుకోవచ్చు. కానీ దానికో వెల ఉంది: జావా లాంటి భాష వచ్చి తీరాలి. రికార్డ్ నొక్కి కూర్చునే ఉద్యోగం తగ్గింది, కోడ్ రాసే టెస్టర్‌కు గిరాకీ పెరిగింది. ఆటోమేషన్ ఉద్యోగాలను తీసేస్తుందా అన్న ఎస్సేలో 'తీసేస్తుంది', 'తీసేయదు' అని రెండు పక్షాలు రాసేకంటే, గుమ్మం ఎవరికి మూసుకుని ఎవరికి తెరుచుకుందో ఇలా చూపించండి.

సెలీనియం మొదట బ్రౌజర్ లోపలే జావాస్క్రిప్ట్‌గా నడిచేది, భద్రతా నియమాల వల్ల ఒక సైట్ నుంచి ఇంకో సైట్‌కు పోలేకపోయేది. సైమన్ స్టీవర్ట్ రాసిన వెబ్‌డ్రైవర్ బ్రౌజర్‌ను బయటి నుంచే నడిపింది. ఆ రెండూ కలిసి 2011లో సెలీనియం 2గా వచ్చాయి. 2018 జూన్ 5న వెబ్‌డ్రైవర్‌ను డబ్ల్యూ3సీ ప్రమాణంగా ప్రకటించింది.

ఇప్పుడు అసలు విషయం. పరికరం ఏదైనా, బటన్‌కు పేరు ఉంటేనే దాన్ని గట్టిగా పట్టుకోగలదు. ఆ పేరు తెర మీద కనబడే బొమ్మ కాదు, కోడ్‌లో రాసి ఉండాల్సిన మాట. చూపులేని వ్యక్తి వాడే స్క్రీన్ రీడర్‌కు కూడా అదే పేరు కావాలి. మైక్రోసాఫ్ట్ విండోస్‌లో పెట్టిన 'యూఐ ఆటోమేషన్' వ్యవస్థ స్క్రీన్ రీడర్లకూ, టెస్టింగ్ పరికరాలకూ ఉమ్మడిదే. 2020లో వచ్చిన ప్లేరైట్ కూడా బటన్‌ను దాని పాత్ర, పేరుతో వెతకమనే సలహా ఇస్తుంది. పేరు లేని బటన్ యంత్రానికీ కనబడదు, అంధుడికీ కనబడదు. ఎలక్ట్రానిక్ సమాచారం దివ్యాంగులకు అందుబాటులో ఉండాలని చెప్పే దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లోని సెక్షన్ 42ను ఈ వెలుగులో మళ్లీ చదవండి.

పేరుంటే అన్నీ సరిపోతాయా అంటే, లేదు. స్క్రిప్ట్ తనకు చెప్పినదే చూస్తుంది. ఆన్‌లైన్ కేవైసీలో మనిషి ప్రాణంతో ఎదురుగా ఉన్నాడని తేల్చడానికి కళ్లు ఆర్పమంటారు. ఆర్పితే ముందుకు పోవాలి, ఆర్పకపోతే ఆగిపోవాలి. ఈ రెండింటినీ పరీక్షిస్తే రెండూ పాస్ అవుతాయి. యాసిడ్ దాడిలో కనురెప్పలు దెబ్బతిన్న మనిషి ఆ టెస్ట్ కేసుల్లో లేదు. అలాంటి బాధితులు, చూపులేనివాళ్లు వేసిన పిటిషన్ల మీద ప్రజ్ఞా ప్రసూన్ వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పిచ్చింది. డిజిటల్ సేవలు అందుకునే హక్కు 21వ అధికరణలో భాగమని చెప్పి, 20 ఆదేశాలు జారీ చేసింది. చాలామంది నోట్సులో 21వ అధికరణ దగ్గరే ఆపేస్తున్నారు. ఆ ఆదేశాల్లో ఇంకొకటి రాసుకోండి: కొత్త యాప్ గానీ, వెబ్‌సైట్ గానీ తయారుచేసేటప్పుడు యూజర్ యాక్సెప్టెన్స్ టెస్టింగ్ దశలో చూపులేని వ్యక్తులను కూర్చోబెట్టాలి.