మైకు ఎందుకు కూస్తుంది?



కిందటి శ్రీరామనవమికి మా వీధి పందిట్లో ఒక పెద్దావిడ వీణ వాయించారు. మొదటి తీగ మీటారో లేదో, మైకు కుయ్యోమని కూసింది. మైకబ్బాయి గబుక్కున శబ్దం తగ్గించేశాడు. ఆ తర్వాత మృదంగం తప్ప వీణ వినబడితే ఒట్టు. ‘నా చేతిలో పస అయిపోయిందమ్మా’ అంటూ ఆవిడ అరగంటకే వీణకి గలీబు తొడిగించేశారు. నాకు ప్రాణం ఉసూరుమంది. తప్పు ఆవిడ చేతిది కానే కాదు, స్పీకరు పెట్టిన చోటుది.

ఆ కూత మైకుతో పాటే పుట్టిందంటే నమ్ముతారా? అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం, నాపా అనే ఊరు. డెన్మార్కు నుంచి వచ్చిన పీటర్ జెన్సెన్, ఆయన స్నేహితుడు ఎడ్విన్ ప్రిడమ్ 1915లో తమ యంత్రానికి కొమ్ములాంటి గొట్టం తగిలించి, మైకు కలపగానే వినబడింది మాట కాదు, కూతే! మైకులోంచి వెళ్లిన శబ్దం కొమ్ములోంచి వచ్చి మళ్లీ మైకులోనే దూరుతుంది. మనం పక్కింట్లో చెప్పిన కబురు వీధంతా తిరిగి, పదింతలై మన గుమ్మంలోకే వచ్చినట్టన్నమాట. రెండింటినీ దూరం చేస్తే కూత ఆగింది. ఆ ఏడు డిసెంబరు 24న శాన్‌ఫ్రాన్సిస్కో సిటీహాలు ముందు వేలమందికి సంగీతం వినిపించారు. 1919లో శాండియాగోలో ప్రెసిడెంటు విల్సన్ సుమారు యాభైవేల మంది ఎదుట మాట్లాడినప్పుడు ఆయన్ని అద్దాల గదిలో నిలబెట్టారు.

ఉపన్యాసానికైతే ఒక్క గొంతే, సరిపోయింది. కచేరీ మాటేమిటి? మైకుకి ఎదురూ వెనకా తేడా తెలిస్తే కదా! 1939లో అమెరికాలోనే షూర్ కంపెనీ తరఫున బెంజమిన్ బాయర్ అనే ఇంజనీరు రూపొందించిన మైకు వచ్చింది. అది ముందునుంచి వచ్చేది బాగా వింటుంది, వెనకనుంచి వచ్చేదానికి చెవుడు. అది వినే పరిధి గీస్తే హృదయం ఆకారంలో ఉంటుందట. కాబట్టి మైకు వీపు స్పీకరు వైపు, ముఖం వాద్యం వైపు ఉండాలి. స్పీకర్లు వాద్యకారుల కంటే ముందుకి, జనం వైపు తిరిగి ఉండాలి. మా పందిట్లో స్పీకరు సరిగ్గా ఆవిడ వెనకే ఉంది మరి!

ఇంకో సంగతి. మైకు దూరం సగం చేస్తే దానికందే శబ్దబలం నాలుగింతలవుతుంది. వీణ గొంతు మెత్తన, మృదంగానిది గట్టి. అందుకని వీణకి మైకు జానెడు దూరంలో, మృదంగానికి ఎడంగా. అమెరికా పల్లెపాటల బృందాలు ఒకే మైకు చుట్టూ నిలబడి, వంతు వచ్చినవాళ్లు ముందుకి, మిగతావాళ్లు వెనక్కి జరిగేవారు. మన బుర్రకథలో కథకుడు ముందడుగు వేసి, వంతలు కాస్త వెనగ్గా ఉండటం చూసి నేర్చుకున్నారేమో అనిపిస్తుంది నాకు! (అనిపించడమే సుమండీ, చరిత్ర కాదు.)

ఇంతా చేస్తే అసలు మైకే వద్దన్న మహానుభావులున్నారు. మృదంగ విద్వాంసులు పాల్ఘాట్ మణి అయ్యర్ (1912–1981) మైకు పెట్టిన కచేరీల్లో వాయించనని కొంతకాలం పట్టుబట్టారు. వాద్యం అసలు నాదం గొట్టంలో పడి మారిపోతుందని ఆయన బాధ. ఆ బాధలో అబద్ధం లేదు. కానీ వెయ్యిమంది కూర్చున్న పందిట్లో వీణని మైకు లేకుండా వినమంటే ఎలా?

దసరాకి ఆవిడ ఇంటికి వెళ్లి, ‘అత్తయ్యగారూ, ఈసారి స్పీకర్లు ముందు పెట్టిస్తాం, మైకు నేనే దగ్గరుండి చూసుకుంటాను’ అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, ‘కచేరీకి ముందు ఒక గంట నన్ను ఖాళీ పందిట్లో కూర్చోబెడతావా, సరిచూసుకుంటాను’ అన్నారు. అప్పటికే గలీబు ముడి విప్పుతున్నారు.