బీదరునకు వార్త వచ్చిన త్రోవలు

బీదరు పాతపట్టణము నడుమ, నాలుగు వీథులు కలియుచోట, చౌబారా యను గుండ్రని బురుజొకటి నిలిచియున్నది. దాని యెత్తు 71 అడుగులు. లోపల మెలికలు తిరిగిన మెట్లమీదుగా పైకెక్కి చూచినచో ఊరును, కోటయు, వానిచుట్టును పఱచుకొన్న ఎఱ్ఱమట్టి పీఠభూమియు కన్నులకు గట్టును. పూర్వము కావలివారు ఇచ్చటినుండియే దూరమున లేచు ధూళిని కనిపెట్టి, వచ్చుచున్నవారు బేహారులో దండువారో నిర్ణయించుకొనవలసి యుండెను. నేడు బురుజునకు గడియారము అమరినది. ధూళిని చూచుపని ఎవ్వరికిని లేదు. ఊరి యిండ్లలో తెల్లవాఱినది మొదలు అర్ధరాత్రము వఱకు టెలివిజను పెట్టెలు దేశదేశముల యుద్ధములను, ఎన్నికలను, వఱదలను, మంచుకొండలలోని మృగములను కన్నడమునను, తెలుగునను, ఉర్దూమరాఠీలయందును చూపుచునే యుండును. ఒక దినమున ఇంత లోకము ఈ యూరికి వచ్చుట క్రొత్తయే కాని, లోకపువార్త ఈ యూరికి వచ్చుట మాత్రము క్రొత్తగాదు. ఆ త్రోవల చరిత్రమును కొంత చెప్పవలెనని నా కోరిక.

15వ శతాబ్దపు మూడవ దశకమున బహమనీ సుల్తానగు అహమ్మద్ షా వలీ తన రాజధానిని గుల్బర్గానుండి బీదరునకు మార్చెను. అది మొదలు పారసీకమునుండియు, ఖొరాసానునుండియు, అరబ్బు అబిసీనియా దేశములనుండియు పండితులును, సైనికులును, వర్తకులును ఈ పీఠభూమి కెక్కివచ్చిరి. ఆ కాలమున దక్కనుకు కావలసిన మేలుజాతి గుఱ్ఱములన్నియు సముద్రముమీదనే రావలెను గనుక, గుఱ్ఱములతోపాటు దూరదేశపు సంగతులును దిగుమతి యగుచుండెను. హోర్ముజు రేవునందలి ధరలు, షీరాజునందలి కలహములు, గద్దె యెక్కినవారి పేర్లు, గద్దె దిగినవారి గతులు, అన్నియు బేహారుల నోటనే అంగడిలో దిగవలసినవి. అరబ్బీభాషలో ‘బరీదు’ అను మాటకు టపా యని యర్థము; సుల్తానుల పాలనలలో రాజునకు వార్తలు చేరవేయు నుద్యోగిని ఆ పేరనే పిలుచుచుండిరి. బహమనీల పిమ్మట ఈ నగరము నేలిన వంశమునకును బరీదుషాహీలని పేరు.

అట్లు గుఱ్ఱముతో వచ్చినవారిలో ఒకడు అఫనాసీ నికితిన్. రష్యాదేశమునందలి త్వేర్ నగరమువాడు. వోల్గానదిమీద వర్తకమునకై బయలుదేరి, అస్త్రఖాను దగ్గఱ తాతారులచే దోచుకొనబడి, అప్పులతో వట్టిచేతులతో ఇంటికి మరలలేక, బాకూమీదుగా పారసీకమున కేగి, హోర్ముజున ఓడ నెక్కి, 1470 ప్రాంతమున కొంకణతీరమునందలి చౌలు రేవున దిగెను. వాని యాస్తియంతయు ఒక్క మగగుఱ్ఱము. జున్నారులో నాలుగు మాసములు రేయుంబవలు వాన కురిసి దారులెల్ల బురదయై నిలిచిపోవలసి వచ్చినప్పుడు, ఆ గుఱ్ఱమునకు శనగలు పెట్టిరనియు, చక్కెరయు నూనెయు చేర్చి కిచిడీ వండి పెట్టిరనియు అతడు శ్రద్ధగా వ్రాసికొనినాడు. అచ్చటి ఖానుడు ఆ గుఱ్ఱమును లాగికొని, మతము మార్చుకొన్న గాని మరల నీయనని గడువు పెట్టగా, ఖొరాసాను పెద్దమనిషి యొకడు అడ్డుపడి విడిపించెను. తుదకు బీదరులో దానిని అమ్మివైచి, ఆ నగరమున మాసముల తరబడి నివసించెను.

వాని వ్రాతలో నన్ను మిక్కిలి ఆకర్షించినది సుల్తాను మందిరముయొక్క వాకిండ్ల వర్ణనము. ఏడు వాకిండ్లు; వాకిటివాకిటికిని నూఱుగురు కావలివారు, నూఱుగురు వ్రాయసగాండ్రు; వీరిలో కొందఱు లోని కేగువారి పేర్లను, కొందఱు వెలుపలికి వచ్చువారి పేర్లను వ్రాసికొనుచుందురు; పరదేశులకు మాత్రము ప్రవేశము లేదు. సుల్తాను ఇరువదియేండ్ల పడుచువాడనియు, అధికారమంతయు ప్రభువుల చేతిలో నున్నదనియు, ఆ ప్రభువులు వెండిమంచములపై ఊరేగుచుండగా పల్లెలవారు పరమదరిద్రులై యున్నారనియు అతడు నిర్మొగమోటముగా తెలిపినాడు. కొలువునందలి చరిత్రకారు లెవ్వరును వ్రాయుటకు సాహసింపని వాక్యమును ఈ గుఱ్ఱపు బేహారి వ్రాసినాడు.

ఇంతకంటె గొప్పసంగతి మఱియొకటి కలదు. అతడు ఇచ్చట ఖోజా యూసుఫ్ అను పేర మెలగుచుండెను. హిందువులతో పరిచయము పెరిగినపిదప, తాను ముసల్మానుడు కాననియు, క్రైస్తవుడననియు, తన నిజమైన పేరు అఫనాసీ యనియు వారితో చెప్పివేసెను. అంతట వారును తమ భోజనవిధిని, వర్తకమును, పూజలను వానికి దాచక తెలిపిరి. తమ యింటి స్త్రీలనుగూడ వానికి మఱుగు చేయరైరి. పరులను గుఱించి తెలిసికొనగోరువాడు మొదట తన్ను తాను తెలుపుకొనవలెనను నియమము, నేడు కెమెరాలు బుజముపై మోసికొని పల్లెలకు పోవువారికిని వర్తించుచున్నది.

వారితోడనే అతడు శివరాత్రికి ‘పర్వతము’నకు యాత్ర పోయెను. అది మన శ్రీశైలమేయని పండితులు పలువురు నిర్ణయించిరి. రష్యనుభాషలో మొట్టమొదట వర్ణింపబడిన తెలుగుదేశపు క్షేత్రము అదియే యైయుండును. నల్లరాతితో చెక్కి బంగారుపూత పూసిన మహావృషభమును, దాని గిట్టలను ముద్దిడు భక్తులను, పైని చల్లు పూవులను చూచినాడు. చేయెత్తి నిలిచిన దేవుని విగ్రహమును చూచి, కాన్‌స్టాంటినోపిలులోని జస్టీనియను చక్రవర్తి ప్రతిమవలె నున్నదని పోల్చినాడు. క్షేత్రము తన త్వేరు నగరములో సగమంత యుండునని అంచనా కట్టినాడు. ఎఱుగని దానిని ఎఱిగిన దానితో కొలుచుట మానవస్వభావము. ఆ కొలబద్దను దాచక ముందు పెట్టినవాని మాట నమ్మదగినది.

వాని పుస్తకములో పొరపాట్లు లేవా యన్నచో, ఉన్నవి. రాత్రివేళ ‘గుకుక్’ అని కూయు పక్షి యొకటి కలదనియు, అది ఏ యింటిపై వ్రాలునో ఆ యింట మనుష్యుడు చచ్చుననియు, దానిని చంపబోవువానిపై నోట నిప్పు క్రక్కుననియు వ్రాసినాడు. నిప్పుమాట యెట్లున్నను, గుడ్లగూబ ఇంటిపై వ్రాలరాదని మన ముత్తవ్వలును చెప్పుచుండిరి గదా! అతడు అబద్ధమాడలేదు, వినినదానిని వ్రాసినాడు. చూచినచోట వాని మాట ఐదువందల యేండ్లకును చెక్కు చెదరలేదు. వినినచోట మాత్రము పక్షి నిప్పు క్రక్కినది.

పాపము, అతడు సొంతయూరు చేరలేదు. స్మొలెన్‌స్కు దగ్గఱనే మరణించెను. వర్తకులు మాస్కోకు చేర్చిన ఆ వ్రాతప్రతి మూడు శతాబ్దములకు పైగా మఱుగుపడి, 19వ శతాబ్దారంభమున చరిత్రకారుడగు కరంజీనుని కంటబడెను. 1857లో ఆంగ్లమున వెలువడెను. 1957లో ఖ్వాజా అహమ్మద్ అబ్బాసును, వాసిలీ ప్రోనినును కలిసి ‘పరదేశి’ యను చలనచిత్రముగా తీసిరి. అట్లు బీదరు సంగతి లోకమునకు తెలిసినది.

నికితిన్ వ్రాతలో ‘మెలిక్ తుచ్చారు’ అను పేర కనబడు ప్రభువు వజీరు మహమూద్ గవాను. ఈయనయు పరదేశియే, కాస్పియను సముద్రతీరమునందలి గీలాను సీమనుండి వర్తకుడుగా వచ్చి రాజ్యమునకు మూలస్తంభమైనవాడు. 1472లో ఆయన కట్టించిన మదరసా యొక్క ఒంటిమీనారు, దానిపై మిగిలిన నీలిపలకలు నేటికిని చూపఱులను నిలువరించును. ఈయన లేఖారచనమునందు ప్రవీణుడు. స్వదేశమునందలి బంధువులకును, విద్వాంసులకును, తుర్కీ సుల్తానువంటి రాజులకును వ్రాసిన జాబులు ‘రియాజుల్ ఇన్షా’ యను సంపుటముగా నిలిచినవి. బీదరు వార్తలను బాహ్యప్రపంచమునకు బుద్ధిపూర్వకముగా పంపిన మొదటివాడు ఈయనయే యని చెప్పవచ్చును.

అట్టి లేఖకుని ప్రాణము ఒక లేఖయే తీసినది. ఇది జరిగినది మన కృష్ణాతీరమున, కొండపల్లిలో. సుల్తాను మూడవ మహమ్మద్ షా అచ్చట దండు విడిసియుండగా, వజీరుపై అసూయ పడినవారు ఆయన ముద్ర కాపాడు సేవకునికి మద్యము పోయించి, మడిచిన ఖాళీ కాగితముపై ముద్ర వేయించుకొనిరి. పిదప దానిపై, రాజ్యముమీదికి దండెత్తిరమ్మని ఓఢ్రరాజగు గజపతిని పిలుచుచున్నట్లు జాబు వ్రాసి, సుల్తాను త్రాగి మత్తుగానున్న వేళ చదివి వినిపించిరి. పిలువనంపగా గవాను వచ్చెను. ద్రోహికి దండన మేమని సుల్తా నడుగగా, మరణమే యని ఏమియు నెఱుగని వజీరు బదులు చెప్పెను. జాబు చూపగా, ముద్ర తనదేయనియు, లేఖ మాత్రము తనది కాదనియు విన్నవించెను. తెచ్చినవా డెవడని విచారింపలేదు, దస్తూరీ పోల్చిచూడలేదు, ఒక్కరాత్రి ఆగలేదు. 1481 ఏప్రిల్ 5వ తేదీన డెబ్బదియేండ్ల వృద్ధుని తల తెగిపడెను. ఆయన యింటిని సోదా చేయగా, దానధర్మములకు పోను మిగిలినది స్వల్పమని తేలెను. సుల్తాను మఱుసటి యేడే మరణించెను; కొలదికాలమునకే బహమనీరాజ్యము ముక్కలయ్యెను. కూటవార్త యొకటి రాజ్యమును కూల్చుటకు ఇంతకు మించిన దృష్టాంతము దక్కను చరిత్రలో నాకు కానరాదు.

తరువాతి కథ వేగముగా చెప్పదగినది. 1619లో బీదరు బిజాపురమువారి పాలయ్యెను, 1657లో మొగలుల పాలయ్యెను, పిమ్మట నిజాముల రాజ్యమున జిల్లా ముఖ్యపట్టణమై మిగిలెను. లోకపువార్తకు ఇక హైదరాబాదే గతి. 1935లో నిజాము ప్రభుత్వము రేడియో కేంద్రము నడుపనారంభించిన తరువాత, పెట్టెగల సంపన్నుని యింటి అరుగే ఊరికి వార్తాస్థానమయ్యెను. 1948 సెప్టెంబరు 17వ తేదీ సాయంకాలము నిజాము స్వయముగా రేడియోలో మాటలాడుటతో, రాజ్యము ముగిసినదని ప్రజలు వినిరి. 1956 నవంబరు 1వ తేదీన జిల్లాయే మూడు భాషారాష్ట్రములకు పంచబడెను: జహీరాబాదు, నారాయణఖేడ ప్రాంతములు మెదకున చేరి మనవైపు వచ్చినవి, ఉద్గిరి, నీలంగ ప్రాంతములు బొంబాయి రాష్ట్రమున కేగినవి, బీదరు మైసూరులో కలిసినది. చుట్టములు మాత్రము ఎక్కడివారక్కడనే యుండిరి.

పిమ్మట వార్త ఆకాశమునుండి దిగినది. విక్రమ్ సారాభాయి సంకల్పమున 1969లో అమెరికాతో కుదిరిన యొడంబడిక ఫలించి, 1975 ఆగస్టు 1వ తేదీనుండి ఏడాదిపాటు ఏటీఎస్-6 అను ఉపగ్రహము ద్వారా ఆఱు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు టెలివిజను చూపిరి. దీనిని ‘సైట్’ ప్రయోగమందురు. బీదరు జిల్లా ఆ జాబితాలో లేదు. కాని ఇటు మెదకును, అటు గుల్బర్గాయు నుండెను. పల్లె బడికప్పుపై కోళ్లగూటి కల్లునట్టి తీగవలతో చేసిన పదియడుగుల గొడుగు ఆకాశమువైపు మొగము త్రిప్పి యుండును. సందెవేళ బడిముంగిట చాపలపై ఊరందఱును కూర్చుందురు. ఉపగ్రహమునుండి దిగు చిత్రమొక్కటే. ధ్వనులు మాత్రము రెండు. ఒకే బొమ్మకు మెదకు పల్లెలో తెలుగు పలుకు వినబడెను, గుల్బర్గా పల్లెలో కన్నడము వినబడెను. సరిహద్దు గీతకు ఇరువైపుల నున్నవారు ఒకే పొలమును, ఒకే నాగలిని ఒకే నిమిషమున చూచి, ఎవరి భాషలో వారు వినిరి. రాష్ట్రముల గీతలు గీసినవారికి తట్టని యుపాయము ఇంజినీర్లకు తట్టినది. 1976 జులై 31వ తేదీతో ఆ ప్రయోగము ముగిసి, ఉపగ్రహము అమెరికావైపు మరలిపోయెను. మరునా డా పల్లెల తెరలు ఖాళీ.

1977లో గుల్బర్గాకును, హైదరాబాదునకును నేలపై ప్రసారకేంద్రములు వచ్చినవి. 1983 నవంబరు 14వ తేదీన శాంతిస్వరూప్ తెలుగున తొలి టెలివిజను వార్తలు చదివెను. ఎదుట తెరపై అక్షరములు నడిపించు యంత్రము లేని దినములవి, వార్తలను ముందుగా కంఠస్థము చేసికొని చూపఱుల కన్నులలోనికి చూచుచు చెప్పెడివాడు. 1991 గల్ఫుయుద్ధముతో విదేశీ ఛానళ్లు వచ్చినవి, 1995లో ఈటీవీ వచ్చినది, 2017లో బి.బి.సి. తెలుగు విభాగమును తెఱచి ‘బి.బి.సి. ప్రపంచం’ అను వార్తాప్రసారమును మన భాషలో మొదలిడినది. లండనునుండి జహీరాబాదు పల్లెవఱకు మాట తెలుగుననే రాగలిగిన కాలమునకు చేరితిమి. ఇది సామాన్యమైన భాగ్యము కాదు.

అయినను, దినమంతయు వార్తలు చూచి లేచినప్పుడు నాకు కొండపల్లి గుడారమే తలపునకు వచ్చుచున్నది. తెర మూలనుండు ఛానలు గుర్తు ఆనాటి ముద్రవంటిది. ముద్ర నిజమైనంత మాత్రమున జాబు నిజము కానక్కఱలేదు. త్వరపడి చెప్పిన వార్తకంటె, నికితిన్ వలె ఊరిలో నెలలుండి తీసిన డాక్యుమెంటరీనే నేను ఎక్కువ నమ్ముదును. మన ఛానళ్లు దినమునకు ఇరువదినాలుగు గంటలు వార్తలకు వెచ్చించుచు, ఆ పనికి అరగంటయైన కేటాయింపకుండుట నాకు బాధాకరముగా నున్నది.

కనుక తెలుగు కన్నడ ప్రసారసంస్థల వారికి నాదొక విన్నపము. బీదరునుండి శ్రీశైలమునకు ఆ రష్యనువర్తకుడు శివరాత్రియాత్రికులతో కలిసి పోయిన త్రోవను ఇరువురును కలిసి నడిచి చిత్రింపుడు. ‘సైట్’ నాటివలె బొమ్మ ఒక్కటే, పలుకులు రెండు. బయలుదేరుటకు తగిన చోటు ఊరికి దక్షిణముగా గోర్నల్లి గ్రామము దగ్గఱ నున్నది. కొండపల్లినుండి తెచ్చిన మహమూద్ గవాను దేహము అచ్చట సమాధియందున్నది.