పలక మనది, పుస్తకం ఎవరిది?



జూన్ నెల వచ్చిందంటే మన ఇళ్ళల్లో పుస్తకాల హడావిడి మొదలవుతుంది. జాబితా పట్టుకుని దుకాణానికి వెళ్ళడం, ధర విని గుండెలు బాదుకోవడం, ఇంటికి తెచ్చి అట్టలు వేయడం, ఇదంతా మన వంతే. కాని ఆ పుస్తకం ఎవరు రాశారు, ఎవరు అచ్చు వేశారు, మన పిల్లలు దాన్నే చదవాలని ఎవరు నిర్ణయించారు అని ఎప్పుడైనా అడిగామా? ఈ ప్రశ్న వెనక రెండు వందల ఏళ్ళ కథ ఉంది. ఈవేళ ఆ కథ చెప్పుకుందాం.

అచ్చు పుస్తకం రాకముందు మనకు బడులు లేవనుకోకండి. వీధి అరుగు మీదో, గుడి మండపంలోనో పంతులుగారు బడి పెట్టేవారు. పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు. కాస్త చెయ్యి తిరిగాక తాటాకు పట్టేవారు. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో బడుల లెక్కలు అడిగి, 1826లో తేల్చిన సంఖ్య 12,498. అంటే ఇంచుమించు వెయ్యిమందికి ఒక బడి. బళ్ళారి కలెక్టరు క్యాంబెల్ 1823లో పంపిన నివేదికలో 533 బడులు, 6,641 మంది పిల్లలు ఉన్నారు. అందులో హిందూ ఆడపిల్లలు ఎందరో తెలుసా? 60 మంది! క్యాంబెల్ ఇంకో మాట కూడా రాశాడు. పిల్లలు పద్యాలు గడగడా అప్పజెబుతున్నారు గాని, చిలక పలుకులే తప్ప అర్థం తెలియదని. ఎందుకంటే ఆ పద్యాల భాష వేరు, ఇంట్లో మాట్లాడే భాష వేరు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇందులో ఒక తమాషా ఉంది. మద్రాసులో అనాథ బాలుర శరణాలయం నడిపిన ఆండ్రూ బెల్ అనే దొర మన పిల్లలు ఇసుకలో రాయడం చూశాడు. ఆ పద్ధతిని తన బడిలో పెట్టి, పెద్ద పిల్లలచేత చిన్నవాళ్ళకు చెప్పించి, 1797లో లండన్‌లో దాని మీద పుస్తకం వేశాడు. అది ‘మద్రాసు పద్ధతి’గా ఇంగ్లండు బడుల్లో వ్యాపించింది. చదువు చెప్పే పద్ధతి ఇక్కడినుంచి అక్కడికి వెళ్ళింది. పుస్తకాలు మాత్రం అక్కడినుంచి ఇక్కడికి రావడం మొదలైంది.

మొట్టమొదట అచ్చయిన తెలుగు వచన పాఠాలు మన పిల్లల కోసం కావంటే నమ్ముతారా? 1812లో మద్రాసులో పెట్టిన సెంట్ జార్జి కోట కాలేజీ, కంపెనీ ఉద్యోగానికి వచ్చిన తెల్లదొరలకు దేశభాషలు నేర్పేది. రావిపాటి గురుమూర్తి శాస్త్రిగారి విక్రమార్కుని కథలు 1819లో వెలువడింది ఆ దొరల చదువు కోసమే. 1820లో మద్రాసు స్కూల్ బుక్ సొసైటీ ఏర్పడింది. 1832లో క్లూలో దొర కోరగా పుదూరు సీతారామశాస్త్రిగారు బాలశిక్ష రాశారు. మన అమ్మమ్మల నాటి పెద్ద బాలశిక్షకు మూలం అదే. 1853లో చిన్నయసూరిగారి నీతిచంద్రిక వచ్చింది. దాని గ్రాంథిక వచనమే చాలాకాలం పాఠ్యపుస్తకాలకు ఒరవడి అయింది.

1854లో వుడ్ విద్యా తాఖీదు వచ్చి, మరుసటి ఏడు మద్రాసులో విద్యాశాఖ ఏర్పడ్డాక, పుస్తకం వ్యాపారం అయింది. కథల పుస్తకం కొంటే కొంటారు, లేకపోతే లేదు. పాఠ్యపుస్తకం అలా కాదు, కొని తీరాలి. ఏటేటా కొత్త పిల్లలు వస్తూనే ఉంటారు. పాలవాడికి వాడుక ఇల్లు దొరికినట్టే అనుకోండి. అందుకే సర్కారువారి ఆమోదం కోసం అందరూ పోటీ పడ్డారు. 1858లో పుట్టిన క్రైస్తవ దేశభాషా విద్యా సంఘం తన పాఠాలు వేసింది. లండన్‌లోని మాక్మిలన్ కంపెనీ 1901లో బొంబాయిలో, 1907లో కలకత్తాలో, 1913లో మద్రాసులో కార్యాలయాలు తెరిచింది. ఆక్స్‌ఫర్డ్ వారు 1912లో బొంబాయికి వచ్చారు. హాల్ అండ్ నైట్ ఆల్జీబ్రా, ఉత్తరాదిన విద్యాశాఖలో పనిచేసిన నెస్‌ఫీల్డ్ రాసిన ఇంగ్లీషు గ్రామరు మన తాతల బీరువాల్లో ఉండేవి. రెండూ మాక్మిలన్ వారివే. కాసులు, దమ్మిడీలు లెక్కపెట్టే ఇంటి పిల్లవాడు బడిలో పౌన్లు, షిల్లింగుల లెక్కలు కూడా చేశాడు.

ఆ రోజుల్లో మా దర్శి నెల్లూరు జిల్లాలో ఉండేది. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేవి. 1970లో కొత్త జిల్లా ఏర్పడేదాకా అంతే. ఏ జిల్లా అయితేనేం, ఏ పుస్తకం చదవాలో తేల్చేది మద్రాసు. ఈ మెట్ట పల్లెల్లో వాడే మాట ఆ పుస్తకాల్లో కనబడేది కాదు. అమ్మ నోట విన్న తెలుగు పరీక్షలో తప్పు అయ్యేది. చదువు రాని తల్లి సంగతి సరే, చదువుకున్న తల్లి కూడా ఆ గ్రాంథికాన్ని విడమర్చి చెప్పలేక తెల్లమొహం వెయ్యాల్సి వచ్చేది.

దీన్ని మొదట గట్టిగా ప్రశ్నించినవారిలో ఒక తెల్లదొర ఉన్నాడు. ఉత్తర సర్కారు జిల్లాల్లో స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా ఉన్న యేట్స్, జనం మాట్లాడే తెలుగు ఒకటి, బడి తెలుగు ఒకటి ఎందుకయిందని అడిగాడు. విశాఖపట్నంలో ప్రిన్సిపాలుగా ఉన్న పి.టి.శ్రీనివాస అయ్యంగారు, గురజాడ అప్పారావుగారు, గిడుగు రామమూర్తి పంతులుగారు కలిసి వాడుక భాష కోసం నిలబడ్డారు. 1911లో పుట్టిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు, జయంతి రామయ్య పంతులుగారు ఎదురు నిలిచారు. పరీక్షల్లో వాడుక భాషను మొదట ఒప్పుకున్న సర్కారు, గొడవ ముదిరాక వెనక్కి తగ్గింది. గిడుగువారు 1940లో కన్నుమూసేదాకా ఆ పోరాటం మానలేదు. పాఠాల్లోకి వాడుక తెలుగు నిండుగా వచ్చేసరికి స్వాతంత్ర్యమే వచ్చేసింది.

ఇంతలో మన మార్కాపురం చేసిన మేలు మరచిపోకూడదు. అక్కడి నల్లరాతిని పొరలుగా చీల్చి, నునుపు చేసి, చెక్క చట్రం బిగిస్తే పలక. దేశంలో ఎన్నో రాష్ట్రాల పిల్లలు దాని మీద ఓనమాలు దిద్దారు. పలకకు కమిటీ ఆమోదం అక్కర్లేదు. ఏ భాషైనా రాయవచ్చు, తప్పయితే తుడిచి మళ్ళీ రాయవచ్చు. పుస్తకం కొనలేని ఇంటికి కూడా అది అందింది. పలక మన నేల ఇచ్చింది, పుస్తకం మాత్రం ఎవరో నిర్ణయించి పంపారు.

దొరలు వెళ్ళిపోయారు. సర్కారే పుస్తకాలు వేయడం వచ్చింది. అయినా చాలా ప్రైవేటు బడుల్లో ఏ కంపెనీ పుస్తకం కొనాలో ఇప్పటికీ మనల్ని అడిగి నిర్ణయించడం లేదు కదండీ! డబ్బు ఇచ్చేది మనం, ఎంచేది ఇంకొకరు. కనుక ఈసారి అట్ట వేసేముందు లోపలి పేజీలు తిరగేయండి. రాసినవారెవరో చూడండి. ఒక పాఠం మీరే పైకి చదవండి. మీ ఇంటి మాట అందులో ఒక్కటైనా వినబడుతుందేమో గమనించండి. వినబడకపోతే బడికి వెళ్ళి అడగండి. అడగడానికి పెద్ద చదువులేమీ అక్కర్లేదు, ఆ బిడ్డ తల్లినని చెబితే చాలు.