పదహారణాలు వందపైసలైన రోజులు

అమెరికాకి వచ్చి ఇన్నేళ్ళయినా పిల్లాడికి జ్వరం 102 అంటే ఫర్వాలేదా, కంగారు పడాలా అని ఒక్క క్షణం ఆలోచించాల్సిందే. పెట్రోలు గాలన్లు, దూరం మైళ్ళు, కూరగాయలు పౌన్లు. చంద్రుడి మీదకి మనిషిని పంపిన దేశం కిలోలకి మారలేకపోయిందేమిటి అని మీకూ అనిపించే ఉంటుంది.

ప్రయత్నం జరగకపోలేదు. 1975లో ఇక్కడ మెట్రిక్ చట్టం చేశారు. కాకపోతే ఇష్టమున్నవాళ్ళు మారండి అన్నారు. ఎవరికీ ఇష్టం లేకపోయింది. దానికోసం పెట్టిన బోర్డుని 1982లో ఎత్తేశారు. 1999లో నాసా వాళ్ళ అంగారక నౌక ఒకటి నాశనమైపోయింది. ఒక సాఫ్ట్‌వేరు పౌన్లలో ఇచ్చిన లెక్కని ఇంకొకటి న్యూటన్లు అనుకుంది మరి.

ఇప్పుడు మన సంగతి చూడండి. 1951 జనాభా లెక్కల్లో చదువొచ్చినవాళ్ళు నూటికి 18 మంది. రూపాయికి 16 అణాలు, అణాకి 4 పైసలు, పైసకి 3 దమ్మిడీలు. తూకాలైతే జిల్లాకొక లెక్క. కోస్తాలో వీశలు, మణుగులు. ధాన్యానికి సోలలు, కుంచాలు, పుట్లు. తెలంగాణలో నాణెమే వేరు. నిజాం హాలీ సిక్కా ఏడు రూపాయలు ఇస్తే ఆరు కల్దారు రూపాయలు వచ్చేవి సుమారుగా. ఆ హాలీ డబ్బు 1959 దాకా చలామణీలో ఉంది. అంటే హైదరాబాదు కొట్టువాడు కొన్నాళ్ళపాటు హాలీ, అణాలు, నయాపైసలు మూడూ లెక్కేసుకున్నాడన్నమాట! 1870ల మొదట్లో తెల్లదొరలు కూడా మెట్రిక్ తూకాలకి చట్టం రాసి, అమలు చెయ్యకుండా వదిలేశారు.

పాత సిస్టంలో డేటాని కొత్తదాన్లోకి ఎక్కించడమే నా ఉద్యోగం. అందుకే ఈ కథలో నాకు నచ్చేది చట్టం కాదు, మార్చిన పద్ధతి.

మొదటిది, రూపాయిని ముట్టుకోలేదు. జీతం, అప్పు, శిస్తు, కట్నం అన్నీ రూపాయల్లోనే కదా. అవన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. 1957 ఏప్రిల్ 1న మారింది రూపాయి లోపలి భాగాలే. నాలుగణాలంటే సరిగ్గా 25 పైసలు, ఎనిమిదణాలంటే 50. కాబట్టి పాత పావలా, అర్ధరూపాయి బిళ్ళలు యథాతథంగా చెల్లాయి. చిక్కల్లా చిన్న బిళ్ళలతోనే. అణా అంటే ఆరుంపావు పైసలు, పావు పైస ఎక్కణ్ణించి తెస్తారు? సర్కారు పట్టిక ప్రకారం అణాకి 6, రెండణాలకి 12, మూడణాలకి 19, నాలుగణాలకి 25. అణా వస్తువు నాలుగుసార్లు కొంటే 24, నాలుగూ కలిపి కొంటే 25! పేదవాడికి ఆ ఒక్క పైసా పైసే. కొట్టువాడు తనకి లాభమొచ్చే వైపు సవరించుకుంటే అడిగేదెవరు? ఇది చిన్న లోపమని కొట్టిపారెయ్యను.

రెండోది, పాతదాన్ని రాత్రికి రాత్రి రద్దు చెయ్యలేదు. రెండు రకాల నాణేలూ కొన్నేళ్ళు పక్కపక్కనే నడిచాయి. కొత్తవాటి ఆకారాలు వేరువేరు: పైస గుండ్రం, అయిదు పైసలది నలుచదరం, పది పైసలది అంచు వంపులు. చదువు రాకపోయినా వేళ్ళకి తెలుస్తుంది. రూపాయిలో నూరోవంతు అని బిళ్ళ మీద హిందీలో అచ్చేశారు కూడా. పాత పైస 64వ వంతు, కొత్తది 100వ వంతు, పేరొకటే. అందుకని "నయా" తగిలించారు. మేమూ కోడులో ఇలాగే పేరుకి ముందు "న్యూ" అని పెడతాం. మాది పదేళ్ళయినా పోదు. వాళ్ళు మాత్రం 1964 జూన్ 1న తీసేశారు.

డబ్బు సర్దుకోవడం మొదలయ్యాకే, 1958 అక్టోబరులో కొన్ని ప్రాంతాల్లో కిలోలు తెచ్చారు. మీటర్లు, లీటర్లు ఆ తర్వాత. 1962కల్లా పాత తూకాలతో వ్యాపారం చట్టవిరుద్ధం. ఇక్కడ "ఇష్టమున్నవాళ్ళు" అన్న మాట లేదు. గడువిచ్చారు, గడువు తీరాక తలుపు మూశారు. అమెరికా వాళ్ళు వదిలేసింది సరిగ్గా ఈ రెండో సగాన్నే అని నా అభిప్రాయం. మన దగ్గర నాణేలు చేసి ఏలిన బ్రిటన్ తన పౌండుని వందగా విడగొట్టుకుంది 1971లో, మనకన్నా 14 ఏళ్ళు ఆలస్యంగా.

అన్నీ మారలేదు లెండి. మా నాయనమ్మ 1990లలో కూడా వంకాయలు వీశల్లోనే అడిగేది, బండివాడు కిలోన్నర కాస్త తగ్గించి తూచేవాడు. పొలం ఇప్పటికీ ఎకరాలూ సెంట్లూ గుంటలే, హెక్టారని ఎవరంటారు? బంగారం షాపులో తులం అనే అడుగుతాం గానీ, పాత తులం 11.66 గ్రాములైతే ఇప్పుడిచ్చేది 10 గ్రాములు. పేరు మిగిలింది, గ్రామున్నర పైచిలుకు ఎగిరిపోయింది.

2011 జూన్ 30తో పావలా బిళ్ళ కూడా చెల్లకుండా పోయింది. ఇక్కడ తెలుగు సంఘం సంక్రాంతి పోటీలో మొన్న కూడా "పదహారణాల తెలుగమ్మాయి" అని బహుమతిచ్చారు. అణా అంటే ఏంటమ్మా అని ఆ అమ్మాయి వాళ్ళమ్మని అడుగుతోంది.